ప్లేటు అయిపోయినంక పాట

పోయిన నెల మా మనవరాలు కచేరీ టికెట్టు దొరకలేదని ఒక పూట అన్నం మానేసింది. బెంగళూరులో ఏదో మైదానంలో ఎవరో కుర్రవాడు పాడతాడట, ఫోనులో టికెట్లు ఇలా పెట్టారో లేదో అలా అయిపోయాయట. ఓదారుద్దామని దగ్గరికి పోయి, "వాడి పాటలన్నీ పొద్దస్తమానం నీ చెవుల్లోనే ఉంటాయి కదే, కొత్తగా పోయి వినేదేముంది?" అన్నాను. అది ముసుగు తీసి నన్నొక చూపు చూసింది. "నీకేం తెలుసవ్వా, ఎదురుగా కూచుని వినలేకపోతే ఎట్లుంటుందో!" అంది. నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. అది ఇంకా అలిగి అటు తిరిగి పడుకుంది. పాపం, ఆ మాట ఎవరితో అంటోందో దానికి తెలియదు. కచేరీ తప్పిపోవడమనే విద్యలో నన్ను మించినవాళ్ళు మా ఆదోని తాలూకా మొత్తం వెతికినా దొరకరు.

మాది ఆదోనిలో పత్తి మండీ ఉన్న ఇల్లు. ముందు భాగం మండీకి, వెనక భాగం మాకు. మమ్మల్ని బళ్ళారి జిల్లాలోంచి తీసి కర్నూలులో కలిపిన రోజులవి. మా జేజినాయన, అంటే మా నాన్నకు నాన్న, "కోర్టుకు యాడికి పోవాల్నో తెలీకుండా చేసినారు కదరా" అని వచ్చినవాళ్ళందరి దగ్గరా గొణుగుతుండేవాడు. పత్తి దిగే కాలంలో ఇంటినిండా దూదే. చారులో దూది, మజ్జిగలో దూది, మా జేజి బొట్టు మీద దూది. బడికి పోతే పంతులమ్మ పాఠం మొదలుపెట్టే ముందు నా జడలోంచి దూది ఏరి పక్కన పడేసేది. పాలిచ్చే ఎనుములకని నానబెట్టి రుబ్బిన పత్తిగింజల వాసన, తడిసిన గోతాల వాసన, బజ్జీలు వేగే నూనె వాసన కలిస్తే మా ఇల్లు. గోడకు గడియారం ఉండేది కానీ దాన్ని ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. జిన్నింగు మిల్లు కూతే మాకు గడియారం. ఒక కూతకు జేజి లేచి వాకిట్లో కల్లాపి చల్లేది, తర్వాతి కూతకు పొయ్యి అంటుకోవాలి, ఆ తర్వాతి కూతకు జేజినాయన చేతిలో రొట్టె ఉండాలి. లేకపోతే మండీలో హమాలీలకు కూడా వినబడేట్టు అరిచేవాడు.

ఆ రొట్టెలు తట్టే పని మా రత్నత్తది. నాన్నకు ఆఖరి చెల్లెలు, అప్పటికి ఇంకా పెళ్ళి కాలేదు. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదేమో, కానీ నాకు అత్తా, అక్కా, స్నేహితురాలూ అన్నీ ఆమే. జొన్నపిండిలో ఎసరు పోసి పిసికి, ముద్దను పీట మీద పెట్టి అరచేత్తో తడుతూ తిప్పుతుంటే ఆ చప్పుడు మా వీధి మొదటికి వినపడేది. ఆ చప్పుడే ఆమెకు తాళం. అది లేకుండా ఆమెకు నోట పాట వచ్చేది కాదు. రొట్టె ఉంటే పాట, పాట ఉంటే రొట్టె. దిగులు పాట ఎత్తుకుందంటే నెమ్మదిగా తట్టీ తట్టీ రొట్టె చాటంత అయ్యేది, పెనం అంచులు దాటి వేలాడేది. హుషారు పాటైతే అరచేతి మందాన అప్పచ్చుల్లాగా వచ్చేవి. జేజినాయన కంచంలోకి చూసి, "ఈ పొద్దు ఏం పాటే, పండ్లు ఊడిపోతాండాయి!" అనేవాడు. ఇంకో సంగతి చెప్పాలి. పాడేటప్పుడు ఆమె పొయ్యి వైపు తిరిగి కూచునేది, వీపు మాకు. ఎవరైనా ఎదురుగా పోయి కూచుంటే గొంతు ఆగిపోయేది. "పాపా, ముందరికి రావద్దు, ఎనక కూచో" అనేది. కాబట్టి నేను పుట్టినకాడినుంచి ఆమె పాట విన్నానే గానీ, పాడుతున్న ఆమె మొహం చూడలేదు. నాకు తెలిసిన పాట ఒక ముడి, ఒక మెడ, చెమటకు తడిసిన రవిక వీపు.

ఆమెకు ఈ పాటలన్నీ ఎక్కడివంటే, గ్రామఫోను. పత్తి కొనడానికి బొంబాయినుంచి వచ్చిన ఒక సేటు పోతూ పోతూ ఆ పెట్టెను జేజినాయనకు ఇచ్చిపోయాడు. శుక్రవారం దీపాలు పెట్టాక జేజినాయన స్వయంగా కీ తిప్పి, ముల్లు మార్చి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు ప్లేటు పెట్టేవాడు. ఇంకెవరూ తాకకూడదు. ఉన్న ప్లేట్లలో మా ఇంటికంతటికీ ప్రాణం కొప్పళ చంద్రమ్మ పాడినది. కృష్ణుడు చెప్పిన పొద్దుకు రాలేదని గోపిక అలిగే పాట. మేం దాన్ని అలకపాట అనేవాళ్ళం. చంద్రమ్మ గొంతు వింటే మంచినీళ్ళు తాగినట్టు ఉండేది. ఒకచోట ప్లేటు మీద గీత పడి, 'ఎందుకు' అనే మాట మూడుసార్లు వచ్చేది. రత్నత్త ఆ గీతను కూడా నేర్చుకుంది. మూడుసార్లు అంటే మూడుసార్లే, ఒక్కటి తగ్గేది కాదు. జేజికి అక్కడ కళ్ళు చెమ్మగిల్లేవి. "ఎంత బాధ ఉంటే అన్నిమార్లు అడుగుతాదమ్మా!" అనేది.

అయితే ఆ పాటతో ఒక పెద్ద చిక్కు ఉంది. గోపిక అలిగి, తిట్టి, తలుపు వేసుకుని, చివరికి ఆ తలుపు తీద్దామా వద్దా అని రెండో చరణం ఎత్తుకునేటప్పటికి ప్లేటు అయిపోయేది. గర్రుమని ముల్లు తిరుగుతుండేది. ఆ గోపిక తలుపు తీసిందా లేదా? కృష్ణుడు లోపలికి వచ్చాడా, బయటనే నిలబడ్డాడా? మా ఇంట్లో దీని గురించి జరిగినంత చర్చ పత్తి ధర గురించి కూడా జరగలేదు. రత్నత్త కూడా సరిగ్గా అక్కడే ఆపేసేది. ఆ క్షణంలో చేతిలో రొట్టె ఏ అవతారంలో ఉంటే ఆ అవతారంలోనే పెనం మీదికి పోయేది. ఒకరోజు ఆమె జేజినాయనను అడిగేసింది. "నాయనా, ప్లేటు అయిపోయినంక పాట యాడికి పోతాది?" జేజినాయన మీసం తడుముకుని ఆలోచించి, "డబ్బాలో పట్టినంతే పాట. మిగిలింది ఆయమ్మ కాడ ఉంటాది. ఎదురుగా కూచోనోళ్ళకే ఇస్తాది" అన్నాడు. ఆ మాట అన్న పాపానికి మా ఇద్దరికీ పిచ్చి పట్టింది. చంద్రమ్మ ఎదురుగా కూచోవాలి. మిగిలిన పాట వినాలి. ఇంక మాకు వేరే కోరిక లేదు.

చంద్రమ్మ ఆదోనికి రానే వచ్చింది. మా వీధి చివర ఇంకో మండీ వాళ్ళింట్లో పెళ్ళికి. మా ఖర్మకు, తూకం దగ్గర మాటామాటా పెరిగి ఆ ఇంటికీ మా ఇంటికీ రాకపోకలు లేవు. జేజినాయన మొండి. "చంద్రమ్మ కాదు, చంద్రుడే దిగొచ్చినా ఆ గడప తొక్కేది లేదు" అన్నాడు. గడప తొక్కకూడదన్నాడు కానీ మిద్దె తొక్కకూడదనలేదు కదా! మా వీధిలో మట్టిమిద్దెలన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. మిద్దె మీద ఎక్కితే వీధి చివరిదాకా పోవచ్చు. ప్రతి మిద్దెకూ నడిమధ్యన వెలుతురు కోసం వదిలిన గవాచి ఉంటుంది, దాంట్లోంచి చూస్తే కింద నడింట్లో ఏం జరుగుతున్నా కనబడుతుంది. నేనూ రత్నత్తా వడియాలు చూసివస్తామని చెప్పి, మిట్టమధ్యాహ్నం కాళ్ళు కాలుతుంటే, గంతులేస్తూ మిద్దెలన్నీ దాటి ఆ గవాచి చుట్టూ బోర్లా పడుకున్నాం.

గవాచిలోంచి మనిషి మొహం కనబడదు, నడినెత్తి కనబడుతుంది. సరిగ్గా మా కిందనే నున్నగా దువ్విన తల, తీర్చినట్టున్న పాపిడి, దానిమీద మల్లెపూల దండ. పక్కన ఇంకో తల, సగం నెరిసింది, కొంగు కప్పుకుని ఉంది. "అదో, మల్లెపూలు! అదే చంద్రమ్మ! పాపిడి చూడే పాపా, పాపిడే పాడతాండాది!" అని రత్నత్త నా చేయి గిల్లి గిల్లి ఎర్రగా చేసింది. తంబూరా మోగింది. ఇంకా బాగా చూద్దామని రత్నత్త ముందుకు జరిగింది. అంతే, గవాచి అంచున ఉన్న మట్టిపెళ్ళ జారి, నేరుగా పోయి కింద పెళ్ళికొడుకు తండ్రి పానకం గ్లాసులో పడింది. "ఎవర్రా పైన!" అని ఒకటే కేక. నెరిసిన తల పైకెత్తి చూసింది. అప్పుడు కనబడింది మొహం, ప్లేటు కవరు మీద ఉండే మొహమే. చంద్రమ్మ ఆమె! మేం ఇంతసేపు మురిసిపోయింది తంబూరా వేసే అమ్మాయి పాపిడి చూసి. మేం లేచి పరుగో పరుగు. కాళ్ళు కాలింది కూడా తెలియలేదు. ఇంటికొచ్చి బియ్యం కొట్టులో దాక్కుని కడుపు పట్టుకుని నవ్వాం. నవ్వీ నవ్వీ ఉన్నట్టుండి రత్నత్త, "ఒక్క ముక్కన్నా ఇన్లేదు కదే" అని ముక్కు చీదింది.

తర్వాతి ఏడు రత్నత్తకు ఎమ్మిగనూరు సంబంధం కుదిరింది. మామవాళ్ళది నేతబట్టల వ్యాపారం. ఆ ఊర్లో ఏ వీధిలో నడిచినా మగ్గాల చప్పుడే, మాటలు కూడా ఆ చప్పుడు మధ్య సందు చూసుకుని మాట్లాడుకోవాలి. రత్నత్త అత్తగారు వీరమ్మవ్వ మహా గట్టి మనిషి. ఆమె దగ్గితే మగ్గాలు ఆగుతాయని చెప్పుకునేవాళ్ళు. ఇంకేం, మా అత్త పాట మూలబడినట్టే అని మా జేజి కన్నీళ్ళు పెట్టుకుంది. కానీ నేను సెలవులకు పోయి చూస్తే అక్కడా రొట్టెలు, అక్కడా పాట. వీరమ్మవ్వ గుమ్మం బయట గోడకు ఆనుకుని కూచుని, ఒత్తులు చేసుకుంటున్నట్టు నటిస్తూ వినేది. పాట ఆగిపోయేచోటికి వచ్చేసరికి, "ఏమే, రోజూ ఈడనే ఆపుతావు, ఆ తలుపు తీస్తాదా తీయదా?" అని గదమాయించేది. ప్లేటు అక్కడే అయిపోతుందని విన్నాక ఆ పెద్ద మనిషికి కూడా మా పిచ్చే పట్టింది. ఊరి పెద్దల దగ్గరికి తానే పోయి, వచ్చే జాతరకు చంద్రమ్మను పిలిపించాల్సిందేనని కూచుంది. "మా ఇంట్లోనే దించుతా, మా ఇంట్లోనే వండుతా" అని మాటిచ్చింది. వాళ్ళు పిలిపించారు.

ఆ జాతరకు నేను పది రోజులు ముందే పోయి కూచున్నాను. కచేరీనాడు పొద్దున్నుంచి నేను నేల మీద లేను. రత్నత్త కొత్త చీర కట్టింది, వీరమ్మవ్వ ముందు వరసలో చాప పరిచి, దానిమీద ముగ్గురి పేర్లూ రాసినంత పని చేసి, ఒక పనిమనిషిని కాపలా పెట్టింది. సాయంత్రానికి పందిరి కింద ఇసకేస్తే రాలనంత జనం. మాధవరం నుంచి, కోడుమూరు నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. చంద్రమ్మ రాలేదు. ఆదోని బస్సులో వచ్చిన ఒకాయన, దారిలో ఆమె కారు పొగలు కక్కుతూ నిలబడి ఉండటం చూశానని చెప్పాడు. "నీళ్ళు పోస్తాండ్రి. వస్తారులే" అన్నాడు.

వస్తారులే అన్న మాట నా చెవిన పడగానే నాకు బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. అందరూ ఇక్కడ కూచుని చూస్తారు. నేను ఊరి బయటికే పోయి, అందరికంటే ముందు నేనే చూస్తే? ఈసారి పాపిడి కాదు, ముందుగా మొహమే చూడాలి! "నేను ఎదురుపోతా" అన్నాను. రత్నత్త నా కొంగు పట్టుకుని, "వద్దు పాపా, జాగా పోతాది, నా పక్కనే కూచో" అంది. నేను వింటేనా? పక్కింటి పిల్లను లాక్కుని ఆదోని రోడ్డుకు ఒకటే పరుగు. అక్కడ నిలబడి, దూరంగా దుమ్ము లేచినప్పుడల్లా ఎగిరి గంతేశాం. ఒకసారి ఆ దుమ్ము గొర్రెలమంద, ఒకసారి శెనక్కాయల లారీ. మేం వాటికి కూడా నమస్కారం పెట్టాం.

ఆ తర్వాత పందిట్లో జరిగింది నేను చూడలేదు. ఇప్పుడు చెప్పబోయేదంతా విన్నదే. జనం విసుగెత్తి లేవడం మొదలుపెట్టారట. ఎవరో ఈల వేశారట. పిలిపించిన వీరమ్మవ్వ మొహం కందగడ్డలాగా అయిపోయిందట. ఆమె దిగ్గున లేచి, రత్నత్త రెక్క పట్టుకుని, "పోయి పాడు" అంది. "అత్తా, నేనా? నలుగురి ముందరా? నాకు రొట్టె లేకుంటే తాళం రాదత్తా!" అని రత్నత్త ఏడుపు మొహం పెట్టింది. "రొట్టె లేకుంటే పీట ఉండాది గదా!" అని వీరమ్మవ్వ పనిమనిషిని ఇంటికి పరుగెత్తించి రొట్టెల పీట తెప్పించింది. ఊరంతా చూస్తుండగా మా రత్నత్త మేళం ఉండాల్సినచోట, ఖాళీ పీట ముందు పెట్టుకుని, మొట్టమొదటిసారి జనం వైపు మొహం పెట్టి కూచుంది. మొదట నవ్వారట. పీట మీద అరచెయ్యి పడ్డాక నవ్వు ఆగిందట. అలకపాట ఎత్తుకుంది. 'ఎందుకు' అని మూడుసార్లు అడిగింది, జనం వహ్వా అన్నారు. రెండో చరణం వచ్చింది. ఎప్పుడూ ఆపేచోటు వచ్చింది. ఆమె ఆపలేదు. పాట ముందుకు పోయింది. అందరూ చెప్పే మాట ఒకటే, గొంతు అంతకంతకూ పెరిగి ఆ చివర మగ్గాల వీధిలో ఉన్నవాళ్ళు కూడా పని ఆపి బయటికొచ్చారని.

ఇక్కడ రోడ్డు మీద మా తపస్సు ఫలించింది. కారు వచ్చింది. చంద్రమ్మ దిగింది. పొట్టి మనిషి, మొహం నిండా దుమ్ము, పిండిగిర్నీలోంచి వచ్చినట్టుంది. కారు మళ్ళీ మొరాయించడంతో నడుస్తానంది. నేను ఆమె పక్కన నడిచాను! ఆమె శాలువా అంచు నా చేతికి తగిలింది! "ఇల్లి కాఫీ సిగుతాదా మగా?" అంటూ, ఇక్కడ కాఫీ దొరుకుతుందా అని, ఆమె కన్నడం తెలుగూ కలిపి నన్నే అడిగింది! ఊర్లోకి అడుగుపెడుతుంటే పందిరి వైపు నుంచి చప్పట్లు. జాతర మొత్తం దద్దరిల్లే చప్పట్లు. అవి మా రాకకేనని నేను మెడ నిలబెట్టి నడక తీరు కూడా మార్చేశాను. ఎదురొచ్చిన ఒక ముసలాయన మమ్మల్ని చూసి, "ఇంగా ఈడనే ఉండారా అమ్మా, కచేరీ అయిపాయ గదా!" అన్నాడు. మొహం వెలిగిపోతోంది ఆయనకు. చంద్రమ్మకు గొంతునిండా దుమ్ము పట్టి మాటే సరిగా రావడం లేదు. రేపు పాడతానంది. కానీ తెల్లారితే ఇంకో ఊర్లో ఒప్పుకున్న కచేరీకి వెళ్ళిపోవాల్సి వచ్చింది, మళ్ళీ ఎప్పుడూ మా వైపు రాలేదు. అట్లా ఒకే సాయంత్రం నాకు రెండు కచేరీలు తప్పిపోయాయి. ఈ ఘనత ఇంకెవరికైనా ఉందా?

వినలేదని చెప్పడానికి మొహం చెల్లక, మాటలు సరిగా అందనట్టు నటిస్తూ నేను రత్నత్త వెంట పడ్డాను. "ప్లేటు అయిపోయినంక ఏం పాడినావు? తలుపు తీసిందా?" ఆమెకే తెలియదు. "ఏమో పాపా, నోటికి వచ్చె. రొట్టె పెరిగినట్ల అదే పెరుగుతా పాయ" అంది. పాడి చూపించమన్నాను. పీట ముందు కూచుని మొదలుపెట్టింది, రెండో చరణం దగ్గర ఠక్కున ఆగింది. ఎన్నిసార్లు చేసినా అక్కడే. వీరమ్మవ్వను అడిగితే తలుపు తీసిందంది. మామ తీయలేదన్నాడు. పక్కింటాయన తలుపు తీసి మళ్ళీ వేసిందన్నాడు. అందరూ విన్నవాళ్ళే, అందరికీ కళ్ళు మెరుస్తున్నాయి, ఒకరి మాటకూ ఒకరి మాటకూ పొంతన లేదు. రత్నత్త మళ్ళీ నలుగురిలో పాడలేదు. పిల్లలు, వ్యాపారం, మోకాళ్ళ నొప్పులు, ఆ తర్వాత ఇంట్లో గ్యాసు పొయ్యి, నిలబడి వంట. నిలబడి ఎవరైనా రొట్టె తడతారా?

ఇప్పుడైతే పిల్లికూన తుమ్మినా పదిమంది ఫోన్లో పట్టుకుంటారు. నాకు కావలసిన ఆ కొంచెంసేపు మాత్రం ఏ డబ్బాలోనూ లేదు. ఒకప్పుడు అందుకు నాకు కోపం వచ్చేది. ఇప్పుడు ఆ రోజు విన్నవాళ్ళు తలా ఒకరకంగా చెప్పుకుని మురిసిపోయింది తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా పడతాను. చంద్రమ్మను వినలేదన్న బాధ నాకెప్పుడో పోయింది. ఉన్న బాధ ఒకటే, మా అత్త పాడుతుండగా ఆమె మొహం చూడలేదని.

ఆమె చివరి రోజుల్లో ఎమ్మిగనూరు పోయి ఒక మధ్యాహ్నం ఆమె మంచం పక్కన కూచున్నాను. పాతవన్నీ తవ్వుకుని ఇద్దరం పళ్ళు లేని నోళ్ళతో పడీపడీ నవ్వుకున్నాం. నవ్వి అలిసిపోయాక అడిగాను. "అత్తా, పొయ్యి వైపు తిరిగి పాడేదానివి, ఆ పొద్దు అంతమంది ముందర అంత గొంతు యాడినుంచి వచ్చె నీకు?"

"ముందర వరసలో నీకోసమే ఎతికినా పాపా. నువ్వు లేవు. జాగా దొరక్క యాడో ఎనకాల నిలబడింటావులే, అంత దూరం నీకు ఇనపడాల గదా అని గట్టిగా ఎత్తుకున్యా. ఇనపడె గదా?"

"ఇనపడె అత్తా" అన్నాను. ఆ పాట ఊరంతా నాకోసం వెతుకుతుంటే, నేను ఊరి బయట, ఆదోని రోడ్డు మీద, శెనక్కాయల లారీకి నమస్కారం పెడుతూ నిలబడి ఉన్నాను.